చివర తగిలించిన అక్షరం

సోమవారం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాత నా వృత్తే, కాదనను. కాని నావన్నీ జానెడేసి అక్షరాలు, నిచ్చెనెక్కి గోడల మీద రాసేవి. కూర్చుని ఇంతింత అక్షరాలు రాయడమంటే చీమ మెడలో గంట కట్టినట్టుంది. అయినా రాస్తున్నాను. ఇక్కడ నేను మాట్లాడితే వినేవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళు నవ్వడం లేదు.

ఈ డైరీ మా ఆవిడ నా సంచిలో పడేసింది. "నాకు చెప్పాలనిపించినవన్నీ దీనికి చెప్పుకోండి. నా చెవులకి కాస్త సెలవు" అంది. తర్వాత నవ్వు ఆపేసి, "మావాడు జాగ్రత్త. తీసుకెళ్ళినవాణ్ణి తీసుకెళ్ళినట్టు తీసుకురండి" అంది.

మావాడంటే ఆవిడ తమ్ముడు, నా బావమరిది. రిటైరయ్యేదాకా బస్సు కండక్టరు. అందరికీ వాడు 'రైట్‌రైట్'. అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. వానాకాలంలో గుండె మొరాయించి ఆసుపత్రిలో పడుకుని లేచాడు. లేచాక మనిషి సగమయ్యాడు, దగ్గు మాత్రం నిండుగా మిగిలింది. సముద్రపు గాలి, నడక, పక్షులూ గిక్షులూ చూసుకుంటూ తిరగడం మంచిదని డాక్టరు చెప్పాడు. బస్సులు రాని చోటైతే మరీ మంచిదని నేను చేర్చాను. బస్సు కనపడితే వీడు పరిగెత్తి ఫుట్‌బోర్డు ఎక్కేస్తాడు.

అలా ఈ ఊరు. రోడ్డు రాళ్ళ కొండ అవతలే ఆగిపోయింది, ఇవతలకి కాలిబాట. ఒక పక్క పాయ, ఎదురుగా సముద్రం. ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి కట్టారు. అటువైపు ఒక్క కిటికీ లేదు.

"సినిమా హాల్లో తెరకి వీపు పెట్టి కూర్చున్నట్టుందిరా" అన్నాను.

"టిక్కెట్టు కొనలేదేమో బావా" అన్నాడు రైట్‌రైట్. నవ్వాడు, దగ్గాడు.

మంగళవారం

మేం దిగిన ఇంటావిడ నడివయసు మనిషి. చిరిగిన వలలు బాగుచేస్తుంది. పొద్దున మా ముందు కాఫీ గ్లాసులు పెట్టి, వల భుజాన వేసుకుని, గుమ్మం దాటుతూ "వెళ్తున్నా" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో గడప దగ్గర 'వెళ్తున్నా' అన్నవాడి వీపు మా అమ్మ చేతిలో విమానం మోత మోగేది. 'వెళ్ళొస్తా' అనాలి. ఉత్తినే వెళ్ళేది ప్రాణం ఒక్కటేరా అనేది.

"అదేం మాటమ్మా! వెళ్ళొస్తానను" అన్నాను పెద్దరికం వెలగబెడుతూ.

ఆవిడ ఆగింది. "ఇక్కడ అలా అనం బాబాయిగారూ. మీరూ అనకండి."

"ఏం?"

"వస్తానంటే వస్తారు."

"వస్తే మంచిదేగా?"

"వాళ్ళే వస్తే మంచిదే" అని వెళ్ళిపోయింది.

ఇహ రైట్‌రైట్‌కి పండగే. కోతికి కొబ్బరికాయ దొరికింది. పెరట్లోకి పోతూ "వెళ్ళొస్తా!" స్నానానికి పోతూ "వెళ్ళొస్తా!" మధ్యాహ్నం మోకాలి లోతు నీళ్ళలో ఆడి వచ్చేటప్పుడు సముద్రానికి చెయ్యి ఊపి, "వెళ్ళొస్తాం తల్లీ! రైట్ రైట్!" అని కేకేశాడు.

ఒడ్డున బోర్లించిన పడవకి తారు పూస్తున్న మనిషి చేతిలో కుంచె ఆగింది. ఆయన నవ్వలేదు. మమ్మల్ని కూడా చూడలేదు. నీళ్ళ వంక చూశాడు.

బుధవారం

కొండెక్కాం. రాళ్ళ గుంటల్లో పీతల్ని చూశాం. పాయ ముఖద్వారం దగ్గర ఒక నల్లటి బండ ఉంది, దాని నిండా తెల్లపక్షులు. దూరానికి బండకి సున్నం కొట్టినట్టుంది. వాడు అక్కడికి వెళ్ళి దగ్గర్నుంచి చూడాలంటాడు.

వాడు నిలబడే తీరు గురించి రాయాలి. కండక్టరు కదా, ఎక్కడున్నా బస్సులో ఉన్నట్టే. కాళ్ళు రెండూ ఎడంగా, ఒక భుజం కనపడని కడ్డీకి ఆనించి, కొంచెం ఊగుతూ. కదలని ఇంట్లో కూడా అంతే. వాళ్ళక్క పెళ్ళి ఫోటోలో అందరం నిటారుగా ఉంటాం, వీడొక్కడు మలుపు తిరుగుతుంటాడు. సరిగ్గా నిలబడరా అంటే, "బ్రేకు పడ్డప్పుడు చూద్దాం బావా, ఎవరు కిందుంటారో" అంటాడు.

ఇవాళ కొండ మీద దగ్గకుండా చాలాసేపు ఊగాడు. మా ఆవిడకి చెప్పాలి.

గురువారం

కాలిబాట మొదట్లో ఒక బోర్డుంది. లోపలికి వచ్చేవాళ్ళ వైపు 'స్వాగతం' అని వెలిసిన అక్షరాలు. వెనక వైపు ఖాళీ. అన్ని ఊళ్ళ బోర్డులకీ వెనక వైపు ఏముంటుందో లోకమంతటికీ తెలుసు. ఖాళీ బోర్డు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. దురదగుండాకు రాసినట్టే.

నా చదువంతా బోర్డుల మీదే. బడి గడప తొక్కలేదు. నేను కూడబలుక్కుని చదివిన మొట్టమొదటి వాక్యం 'ఇచ్చట మూత్రము పోయరాదు'. చదివి అర్థమై, ఆనందం పట్టలేక అక్కడే పోశాను. ఆ తర్వాత నిచ్చెన మోశాను, రంగులు కలిపాను, అక్షరాలు నేర్చాను. ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్క అక్షరం తప్పలేదు. ఒత్తు జారలేదు, కొమ్ము విరగలేదు. ఇది గొప్ప కాదు, నిజం.

రంగు డబ్బాలు ఎక్కడికెళ్ళినా వెంటే ఉంటాయి. బోర్డు వెనక వైపు ఎర్రగా, కింద నీడ వేసి, 'వెళ్ళిరండి' అని రాశాను. ఊరికి నా కానుక.

శుక్రవారం

గీకేశారు! పొద్దున వెళ్ళి చూస్తే నా అక్షరాలు ఎర్రటి పొట్టులా కింద రాలి ఉన్నాయి. పక్కనే మొన్న తారు పూసిన పడవాయన, చేతిలో బాడిస.

"మీ చెయ్యి చక్కనిది పెద్దాయనా. మాటే బాలేదు" అన్నాడు.

"మర్యాద మాటయ్యా అది!"

"మీ ఊళ్ళో మర్యాద. ఇక్కడ పిలుపు."

కూర్చోమన్నాడు, కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాన్న చేపల వేటకి వెళ్తూ పెళ్ళానికి 'వెళ్ళొస్తా' అని చెప్పాడట, పుట్టిన పొరుగూరి అలవాటు కొద్దీ. పడవ మునిగింది. ఆ సాయంత్రం మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అమ్మ తలుపు తీసింది. కంచం పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏదీ ఆరలేదండీ. బట్టలు ఆరలేదు. కట్టెలు ఆరలేదు. గోడలు ఆరలేదు. ఆఖరికి మా అమ్మ కూడా. ఊపిరితిత్తుల నిండా నీళ్ళన్నారు, మంచం మీదే."

"మరి ఆయన?"

"అమ్మ పోయాక నేనే పంపేశాను. చుట్టమే చెప్పాలి. ఒడ్డుకి తీసుకెళ్ళి 'వెళ్ళు' అనాలి. అంతే. చివర ఏమీ తగిలించకూడదు."

కథ బాగా చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడని ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

రైట్‌రైట్‌కి చెబితే, "నేను మాత్రం వస్తా బావా, నువ్వు తలుపెయ్యకు" అన్నాడు.

శనివారం

నా మోకాలు మొండికేసింది. వాడొక్కడే చిన్న పడవ తీసుకుని పక్షుల బండ చూస్తానన్నాడు. పాయ అద్దంలా ఉంది కదా, సరేనన్నాను. ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "వెళ్తున్నానని చెప్పండి అన్నగారూ" అని బతిమాలింది.

వాడు కాళ్ళు ఎడంగా పెట్టి, భుజం గాలికి ఆనించి, "వెళ్ళొస్తా చెల్లెమ్మా! వెళ్ళొస్తా బావా! రైట్ రైట్!" అన్నాడు.

ఆవిడ చెవులు మూసుకుంది.

మధ్యాహ్నం.

పొగమంచు. ఈ వేళప్పుడు పొగమంచేమిటో. ఇంకా రాలేదు.

ఇంకాసేపటికి.

పడవ దొరికింది. బోర్లా. పడవాయనా మిగతావాళ్ళూ వెతుకుతున్నారు.

సాయంత్రం.

వచ్చాడు! వచ్చాడు! దీపం పెట్టే వేళకి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "వచ్చాను బావా" అన్నాడు. పట్టుకుని ఏడ్చేశాను. చల్లగా ఉన్నాడు, ఉండడా మరి, నీళ్ళలోంచి ఈదుకుంటూ వచ్చినవాడు. వాడికి ఈత రాదు. ఆపద వస్తే అన్నీ వస్తాయి.

ఇంటావిడ బయటికి రాలేదు. తలుపు గొళ్ళెం పెట్టుకుంది. వీళ్ళకి ఇంత సంతోషం కూడా తెలీదు పాపం.

ఆదివారం

దగ్గు పోయింది! పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా లేదు. ఉప్పునీళ్ళు లోపలికి పోయి శుభ్రం చేసి ఉంటాయి. డాక్టరు చెప్పిందదే కదా.

ఇంకోటి, నిటారుగా నిలబడుతున్నాడు. కాళ్ళు రెండూ కలిపి, రాటలా. ఎన్నాళ్ళ నుంచి మొత్తుకున్నాను, ఇప్పటికి విన్నాడు.

మాట తగ్గింది. భయపడి ఉంటాడు. ఏ గదిలోకి వచ్చినా "వచ్చాను బావా" అంటాడు. పక్కగదిలోంచి వచ్చినా అంతే. మరీ అంత మర్యాద అక్కర్లేదురా అన్నాను. వెళ్ళి, మళ్ళీ వచ్చి, "వచ్చాను బావా" అన్నాడు.

సోమవారం

సిగ్నలు కోసం ఇసుక దిబ్బ ఎక్కించాను. వాళ్ళక్కతో మాట్లాడాడు. "బాగున్నాను అక్కా. వస్తాను అక్కా." అంతే.

తర్వాత ఆవిడ నాతో, "గొంతు ఎంత తేటగా ఉందండీ! దగ్గే లేదు. ఈ వారం వచ్చేయండి, నాకిక్కడ కాలు నిలవడం లేదు" అంది. ఏడుస్తోంది, సంతోషంతో. నాకు కూడా సంతోషంగానే ఉంది. ఉండాలి కదా.

ఒక చిన్న పరీక్ష పెట్టాను. పరీక్షేమీ కాదు, కబుర్లలో వచ్చింది. "బ్రేకు పడ్డప్పుడు?" అన్నాను. నా వంక చూశాడు. "బ్రేకు పడ్డప్పుడు ఏమవుతుంది బావా?" అన్నాడు.

మరిచిపోయాడు. అంత గండం గడిచాక ఎవరికైనా మతిమరుపు ఉంటుంది.

అగ్గిపుల్లలు అంటుకోవడం లేదు. తువ్వాలు నిన్నట్నుంచీ ఆరలేదు. వాడు కూర్చున్న కుర్చీ కింద తుడిచాను. సముద్రం పక్కన ఇల్లు, చెమ్మ ఉండదా.

ఈ కాగితం మీద కూడా సిరా పాకుతోంది.

మంగళవారం

పడవాయన వచ్చి, లోపలికి రాకుండా, వేలితో పిలిచాడు. కొండ కింద రాళ్ళ సందు దగ్గరికి తీసుకెళ్ళాడు. తెరచాప గుడ్డ కప్పి ఉంది. ముఖం చూపిస్తానన్నాడు. వద్దన్నాను.

కాళ్ళు గుడ్డ బయటికి ఉన్నాయి. రెండు కాళ్ళూ ఎడంగా. ఒక భుజం పైకెత్తి బండకి ఆనుకుని ఉంది.

పడుకుని కూడా వాడు బస్సులోనే ఉన్నాడు.

బుధవారం

నిన్ననే దిబ్బ వెనక పూడ్చేశాం. పడవాయన తవ్వాడు, నేను చూశాను. మా ఆవిడకి ఫోను చెయ్యలేదు. దిబ్బ ఎక్కాను, ఫోను తీశాను, దిగాను. ఏమని చెప్పను? తీసుకెళ్ళినవాణ్ణి తీసుకెళ్ళినట్టు.

తిరిగొచ్చేసరికి వాడు కుర్చీలో ఉన్నాడు. లేచి, పక్కగదిలోకి వెళ్ళి, వచ్చి, "వచ్చాను బావా" అన్నాడు.

ఇంటావిడ మొదటిసారి నా ఎదుట కూర్చుంది.

"బాబాయిగారూ, పంపెయ్యండి. మీతో మీ ఇంటికి వచ్చిందంటే మీ ఆవిడ దాని చెయ్యి పట్టుకుంటుంది. ఇక వదలడం ఆవిడ వల్ల కాదు. తమ్ముడు కదా."

"వాడు ఎవరికీ ఏ హానీ చెయ్యడమ్మా. మంచివాడు."

"మీ బావమరిదిగారు మంచివారే. దిబ్బ వెనక ఉన్నారు" అంది మెల్లగా. "రేపు మధ్యాహ్నం, పోటు వెనక్కి తగ్గేటప్పుడు. ఒక్క మాట. 'వెళ్ళు'. దాని తర్వాత నోరు కుట్టేసుకోండి."

ఎంత కష్టం చూడండి. మాకు మాటలు ఇలా ఏడిశాయి. చుట్టానికి 'వెళ్ళు' అని ఊరికే చెప్పలేం. వీధిలో కుక్కకి చెబుతాం, అప్పులవాడికి మనసులో చెబుతాం. పసిపిల్లని బడికి పంపినా 'వెళ్ళిరా', అల్లుణ్ణి సాగనంపినా 'వెళ్ళిరా', పక్కింటాయన బజారుకి బయల్దేరినా 'వెళ్ళిరండి'. ఆ 'రా' లేకపోతే తిట్టు. ఇన్నేళ్ళూ నాలుక మీద పెరిగిన అక్షరాన్ని రేపు మధ్యాహ్నానికి కోసి పారెయ్యాలి.

బోర్డు రాసే ముందు సాధన చేసినట్టు చేస్తాను.

వెళ్ళు
వెళ్ళు
వెళ్ళు
వెళ్ళు

ఇక్కడే ఆగాలి. చుక్క పెట్టాలి.

గురువారం

పంపేశాను. 'వెళ్ళు' అన్నాను. వెళ్ళాడు. అయిపోయింది.

శుక్రవారం

ఇంటావిడ పొద్దున అడిగింది, "ఏమన్నారు బాబాయిగారూ?"

"వెళ్ళు అన్నాను."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వల భుజాన వేసుకుంది. ఈసారి 'వెళ్తున్నా' అని కూడా అనలేదు.

పడవాయన కొండ మీదుగా రోడ్డు దాకా నా సంచి మోశాడు. బస్సెక్కేటప్పుడు అలవాటుగా ఆయన వైపు తిరిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, ఇక ఏమీ అనొద్దన్నట్టు. తలూపి ఎక్కాను.

కండక్టరు కుర్రవాడు కడ్డీకి భుజం ఆనించి టిక్కెట్లు కొడుతున్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మా ఆవిడకి ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కుంటున్నాను. 'వాడు పోయాడు.' రెండు మాటలు. గోడ మీద రాయమంటే చిటికెలో రాస్తాను.

బస్సులోనే, ఊగుతున్న చేత్తో.

నిన్నటిది కొంచెం సరిగ్గా రాయాలి.

ఒడ్డుకి నడిచాం. నేను ముందు, వాడు వెనక. పోటు తగ్గుతోంది. నేను చెప్పకుండానే వాడు నీళ్ళలోకి దిగాడు, మోకాళ్ళ దాకా, నడుం దాకా. నా వైపు తిరిగి నిలబడ్డాడు, రాటలా. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. అప్పుడో అల వచ్చింది. అల కొట్టిందని వాడు కాళ్ళు ఎడంగా పెట్టాడు. ఒక భుజం పక్కకి వాల్చి, ఊగాడు. అచ్చం అలాగే. మా పెళ్ళి ఫోటోలోలాగే.

"చెప్పు బావా" అన్నాడు.

'వెళ్ళు' అన్నాను. అది నిజం. వెంటనే నోరు మూశాను. మూశాననే అనుకుంటున్నాను. అలల హోరులో నా మాట నాకే సరిగ్గా వినపడలేదు. వాడు మాత్రం విన్నాడు. తలూపాడు. నవ్వాడు కూడా, వచ్చాక మొదటిసారి.

నా చేతిలో అక్షరం ఎన్నడూ తప్పలేదు. నోరు వేరు, నోరన్నాక జారుతుంది. మా ఆవిడ ముఖం గుర్తొచ్చింది ఆ క్షణంలో, అంతే. అది తప్పేమీ కాదు.

చివరి అక్షరం అన్నానో లేదో.

అన్నాను.

శనివారం

నిన్న దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. మా ఆవిడ గేటు దగ్గరే ఉంది. నన్ను చూసి, నా వెనక చూసింది.

"వాడేడండీ?"

చెప్పడానికి నోరు తెరిచాను. రెండే మాటలు. వెనక గేటు గొళ్ళెం చప్పుడైంది.

"వచ్చాను అక్కా."

"ఎక్కడ ఆగిపోయావురా! అలా తడిశావేంటి, వాన కూడా లేదు కదా" అంటూ ఆవిడ పరిగెత్తి వాడి చెయ్యి పట్టుకుంది. లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు తెచ్చి తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ నా వైపు చూసి, "తీసుకెళ్ళినవాణ్ణి తీసుకెళ్ళినట్టు తెచ్చారు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది తక్కువ.

నేను కుర్చీ కింద తుడిచాను.

ఇవాళ ఎండ బాగా కాసింది. సాయంత్రం మా ఆవిడ పెరట్లోకి వెళ్ళి, పొద్దున ఆరేసిన దుప్పట్లు ముట్టుకుని చూసింది. ఇంకా ఆరలేదని విసుక్కుని, తిరగేసి మళ్ళీ తీగ మీద వేసింది.